తీగల కింద ఇనుము

గాలి లేస్తే నేను ఇప్పటికీ ఒకచోట కూర్చోలేను. రిటైరై మూడేళ్ళయింది. ఫోన్ చేసి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అయినా మే నెలలో సాయంత్రం పూట అనంతపురం పడమటి ఆకాశం ఎర్రమట్టి రంగుకు తిరిగిందంటే చాలు, మిద్దె ఎక్కుతాను. ఏ దిక్కు నుంచి కొడుతోంది, ఎంతసేపు కొట్టింది, ఎవరింటి రేకులు లేచాయి అని చూస్తూ నిలబడతాను. మా ఆవిడ కింద నుంచి అరుస్తుంది. "ఇంగా నీకు ఎవురు డ్యూటీ ఏసినారు? దిగిరా!" దిగుతాను. కాసేపటికి మళ్ళీ ఎక్కుతాను.

సర్వేయర్ అంటే గొలుసు పట్టుకుని పొలాలు కొలిచేవాడనుకుంటారు. నాది ఆ పని కాదు. నేను ఇన్సూరెన్స్ సర్వేయర్ని. కాలిపోయింది, మునిగిపోయింది, కూలిపోయింది అని ఎవరైనా క్లెయిము పెట్టుకుంటే, కంపెనీ పంపితే వెళ్ళి చూసి, ఏం పోయింది, ఎందుకు పోయింది, పాలసీలో దానికి చోటుందా లేదా అని రిపోర్టు రాసేవాణ్ణి. అటు కంపెనీకీ ఇటు నష్టపోయినవాడికీ మధ్యలో నిలబడే పని. ఇద్దరూ నన్ను అవతలి మనిషే అనుకునేవారు.

మొన్న కొత్తగా లైసెన్సు పరీక్ష పాసైన ఇద్దరు మా ఇంటికి వచ్చారు. ఏ పుస్తకాలు చదవాలని అడిగారు. ఏవో రెండు పేర్లు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించాను. వాళ్ళు గేటు దాటగానే నా మీద నాకే కోపం వచ్చింది. చెప్పాల్సింది ఒకటుంటే, చెప్పింది ఇంకొకటి. పుస్తకాల్లో మినహాయింపుల గురించి అధ్యాయాలకు అధ్యాయాలున్నాయి. ఒక ఆడమనిషి ఎర్రటి ఎండలో రెండు రోజులు మేకలను తరుముకుంటూ నా కోసం ఎదురుచూసిన సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే మీ కోసం అది రాద్దామని కూర్చున్నాను. మధ్యలో నాలుగుసార్లు లేచి తిరిగి వచ్చాను. అతుకులు కనబడితే ఓర్చుకోండి.

చెట్టుకు లేదు, గోడకు ఉంది

"అనంతపురంలో తుఫాను క్లెయిములేంటి సార్, మీకు వానే లేదు కదా" అని కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ప్రతి ఆఫీసరూ నవ్వేవాడు. వాన లేదు, నిజమే. గాలి ఉంది. రోహిణి కార్తెలో ఒక గంట కొడుతుంది. పది చినుకులు రాలుస్తుంది. ఆ గంటలో రేకులు లేచిపోతాయి, చెట్లు పడతాయి, గోడలు వాలిపోతాయి. వాన కోసం చూసినవాడికి దుమ్ము మిగులుతుంది, నాకు పని మిగిలేది.

మిల్లులు, గోడౌన్లు, ఫంక్షన్ హాళ్ళు తీసుకునే పాలసీల్లో గాలివానకు రక్షణ ఉంటుంది. భవనానికి ఉంటుంది, యంత్రాలకు ఉంటుంది, సరుకుకు ఉంటుంది. ఆరుబయట పెంచిన చెట్లకు, మొక్కలకు, పచ్చికకు, పూలతోటకు మామూలుగా ఉండదు. విడిగా అడిగి రాయించుకుంటే తప్ప. నా సర్వీసులో మా జిల్లాలో అట్లా అడిగి రాయించుకున్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. చెట్టు పడి గోడ పగిలితే గోడకు వస్తుంది, చెట్టుకు రాదు. ఈ ఒక్క మాట చెప్పడానికి నేను తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు.

ఈ మినహాయింపు అన్యాయమని నేననను. ముఖ్యంగా మా సీమలో. నీళ్ళు లేక ఎప్పుడో లోపల ఎండిపోయిన చెట్టు గాలికి పడుతుంది. అది కరువుకు చచ్చిందా, గాలికి చచ్చిందా అని ఎవరు తేలుస్తారు? తేల్చలేనిదాన్ని కంపెనీ భుజాన వేసుకోదు. నాకు కోపం ఎక్కడంటే, పాలసీ అమ్మేటప్పుడు ఈ సంగతి చెప్పిన ఏజెంటు ఒక్కడూ లేడు. చెప్పాల్సిన ఆ చేదు మాటను గాలి వెలిసిన మర్నాడు నేను చెప్పాల్సి వచ్చేది, కూలిన చెట్టు పక్కన నిలబడి.

నా పేరుతో ఒక రూలు

పనిలో చేరిన తొలి ఏళ్ళలో కళ్యాణదుర్గంలో ఒక శనక్కాయల నూనె మిల్లు. యజమాని ఎర్రిస్వామి. గాలికి వేపచెట్టు విరిగి గోడౌను మీద పడిందనీ, గోడ, పైకప్పు పోయాయనీ కబురు. మర్నాడు మధ్యాహ్నానికి వెళ్ళాను. చూస్తే, వాకిలి ఊడ్చి కల్లాపి చల్లి ఉంది. పడిపోయిన ఇటుకలు వరసగా పేర్చి ఉన్నాయి. వేపచెట్టు లేదు. నా కోసం నీడలో కుర్చీ, బల్ల, బల్ల మీద ఇస్త్రీ గుడ్డ, దాని మీద మజ్జిగ చెంబు.

"చెట్టు ఏదయ్యా?" అన్నాను.

"యాడుంటాది సార్? పొద్దున్నే ఊరంతా వచ్చినారు. కొమ్మలు పొయ్యిలేకి పాయ, ఆకు మేకలకు పాయ. మొద్దు సామిల్లు ఆయప్ప కొనుక్కపోయినాడు."

"నేను వచ్చేదాకా ఉంచొద్దా?"

ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. "ఏం మాట సార్! పెద్ద ఆఫీసరు ఇంటికొస్తాంటే కసువు, చెత్త చూపిస్తారా ఎవురన్నా? మీ కోసమని కూలోళ్ళను పెట్టి శుభ్రం చేయించినా."

అదీ మా వాళ్ళ మర్యాద. వచ్చే మనిషి చూడటానికి వస్తున్నదే ఆ చెత్తను అని వాళ్ళకు తోచదు. ఇంకోటి, చెట్లే తక్కువైన నేలలో పడిన చెట్టు పొద్దుగూకే దాకా ఉండదు. గోడ మీద పడిన చెట్టే లేకపోతే, గోడ దానంతట అది కూలలేదని నేనెట్లా రాయను? కట్టె కోసే ఆ సామిల్లుకు వెళ్ళాను. మొద్దు బెరడులో గోడ సున్నం ఇరుక్కుని ఉంటే గీకి కాగితంలో పొట్లం కట్టుకున్నాను. నాలుగుసార్లు తిరిగాను ఆ ఒక్క క్లెయిముకు.

ఆ కోపంలో జిల్లాలో ఉన్న ఏజెంట్లందరికీ చెప్పాను. నేను వచ్చి చూసేదాకా ఒక్క ఆకు కదలడానికి వీల్లేదు, కదిలితే క్లెయిము లేదు అని. రెండో మాట అబద్ధం, భయపెట్టడానికి అన్నాను. మాట బాగా పాకింది. "వెంకటేశు సార్ రూలు" అని దానికి నా పేరే పెట్టారు. నేను లోపల్లోపల మురిసిపోయాను కూడా.

హుసేన్ సార్ గొడుగు

నాకు పని నేర్పింది హుసేన్ సార్ అని ఒక పెద్దాయన. మా జిల్లాలో అందరికంటే పాత సర్వేయరు. ఎండైనా వానైనా చేతిలో ఇనుప మొన ఉన్న నల్ల గొడుగు. దాన్ని విప్పడం నేను ఎప్పుడూ చూడలేదు. దానితో తట్టేవాడు, పొడిచేవాడు, ఎత్తేవాడు. "కండ్లతో సగమే తెలుస్తాదిరా వెంకటేశూ. తట్టు" అనేవాడు.

ఒకసారి నల్లమాడలో శనక్కాయల గోడౌను కప్పు లేచి మూటలు తడిశాయి. నేను చూసి, అన్నీ తడిశాయని రాసి తెచ్చాను. ఆయన కాగితం చూసి, "లోపలి వరస మూటల్లో చెయ్యి పెట్టినావా?" అని అడిగాడు. పెట్టలేదు. అప్పటికప్పుడు బస్సెక్కించి వెనక్కి పంపాడు. లోపలి వరసలు పొడిగానే ఉన్నాయి. తిరిగొచ్చాక తిట్టలేదు, అన్నం పెట్టించాడు.

ఆయన ఇంకో అలవాటు కూడా నేర్పాడు. పాలసీ కాగితం తెరవగానే ఏమేమి ఉన్నాయో ఆ జాబితా ముందు చదవాలి, ఏమేమి లేవో ఆ పేజీ చివర చదవాలి. నేను కొంతకాలం అట్లాగే చేశాను. తర్వాత అనుభవం వచ్చింది కదా, ఆ వరస తిరగేశాను. మినహాయింపుల పేజీ చూస్తే పని తొందరగా తెమిలేది. పోయే ముందు ఆయన గొడుగు నాకిచ్చాడు. తీసుకెళ్ళి కారు వెనక సీట్లో పడేశాను. అక్కడే పడి ఉండేది.

నా లోపం నాకు తెలుసు. కాలు నిలవదు. ఒక చోటికి వెళ్ళగానే తర్వాతి చోటు గుర్తొస్తుంది. దాన్ని చురుకుతనం అని పై ఆఫీసర్లు మెచ్చుకున్నారు. ఆ మెప్పే నన్ను చెడగొట్టింది.

ఓబుళమ్మ తోట

ఓబుళమ్మ, ఆమె భర్త సంజీవప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేసినవాళ్ళు. మగ్గం మీద బతుకు సాగక మగ్గాలు అమ్మేసి, గుత్తి దగ్గర హైవే పక్కన బోడి నేల కొన్నారు. బోరులో నీళ్ళు పడ్డాయి. ఆ నీళ్ళతో ఏం చేద్దామని ఆలోచించి, పంట కాదు, పచ్చదనం పెంచారు. పచ్చిక పరిచారు, పామ్ చెట్లు నాటారు, నడుమ ఒక పొడవాటి పందిరి వేశారు. పందిరి మీద రాధామనోహరం తీగలు. ఎటు చూసినా గడ్డి కూడా లేని ఆ దారిలో అది ఒక్కటే పచ్చగా కనబడేది. గుత్తి నుంచి, గుంతకల్లు నుంచి పెళ్ళిళ్ళకు అక్కడికి వచ్చేవాళ్ళు. నడి ఎండలో కూడా పందిరి కింద చల్లగా ఉంటుందని పేరు. దానికి హాలు అని కూడా అనేవారు కాదు, ఓబుళమ్మ తోట అనేవారు.

ఒక ఏడు మే చివర్లో గాలి ఆ తోట మీదుగా వెళ్ళింది. శ్రావణంలో పెళ్ళిళ్ళకు అప్పటికే తేదీలు ఇచ్చేసుకున్నారు. పందిరి మళ్ళీ లేస్తేనే ఆ పెళ్ళిళ్ళు. లేకపోతే వచ్చేవాళ్ళు వేరే చోటు చూసుకుంటారు, ఇంకో ఏడాది ఈ దిక్కు చూడరు. ఇది ఓబుళమ్మ నాకు ఫోన్‌లోనే చెప్పింది.

నేను వెళ్ళింది మూడో రోజు పొద్దున. అదే రోజు తాడిపత్రిలో ఒక పెద్ద ఫ్యాక్టరీ కప్పు లేచిపోయి ఉంది, వాళ్ళు గంటగంటకూ ఫోన్ చేస్తున్నారు. తోట గేటు దగ్గర కారు దిగేసరికి కంచె విరిగిన చోట సంజీవప్ప తలకు తువ్వాలు చుట్టుకుని కట్టెతో నిలబడి ఉన్నాడు. అవతల మేకలు. ఒకటీ రెండూ కాదు, చుట్టుపక్కల ఊళ్ళవన్నీ. మే నెలలో ఎక్కడా ఆకు లేదు, ఇక్కడ కుప్పలు కుప్పలుగా నేల మీద పడి ఉంది. అవి ఊరుకుంటాయా?

ఓబుళమ్మ ఎదురొచ్చింది. మొహం ఎండకు కమిలిపోయి ఉంది. "ఒక్క ఆకు గూడా ముట్టుకోలేదు సార్. మీ రూలంట గదా. రెండు దినాలాయ, ఆయన ఒగ పక్క, నేను ఒగ పక్క, ఈ మేకలతోనే సరిపాయ. కట్టెలకొచ్చినోళ్ళతో గూడా తగువు పెట్టుకున్నా."

"మంచి పని చేశారమ్మా" అన్నాను. అని, నడవడం మొదలుపెట్టాను.

ఆఫీసు గది కిటికీ అద్దాలు, వంటశాల రేకులు, ప్రహరీలో పామ్ చెట్టు పడి పగిలిన ముక్క రాసుకున్నాను. పచ్చిక రాదు, చెట్లు రావు. నడుమ ఛాతీ ఎత్తున పెద్ద పచ్చటి కుప్ప. పూలతో సహా పడి ఉంది.

"ఇదేంటమ్మా?"

"పందిరి సార్. రాధామనోహరాలు."

తీగల పందిరి, తోటలో భాగం, మినహాయింపు కిందికి వస్తుంది అని రాసుకున్నాను. నాలుగు ఫోటోలు తీశాను. ఫోన్ మోగింది, తాడిపత్రివాళ్ళే.

"సార్, దాన్ని ఎత్తి చూడరా?" అంది ఓబుళమ్మ.

"చూసేశానమ్మా. ఇక తీసేసుకోవచ్చు."

తర్వాత అందరికీ చెప్పే పాఠం ఆమెకూ చెప్పాను. చెట్టుకు రాదు, మొక్కకు రాదు, పాలసీలో రాసిందే అంత అని. ఆమె గొడవ చేయలేదు. "ఈ నేలలో ఒగ చెట్టును బతికించేకి ఎంత కష్టపడినామో మీకు తెల్దు సార్. గోడ కూలితే మల్లా కట్టుకుంటాం. చెట్టు కూలితే మల్లా ఎన్నేండ్లు కాసుకోవల్ల?" అంది. నాకు వినే సమయం లేదు. నేను కారెక్కుతుంటే సంజీవప్ప కట్టె పక్కన పెట్టి నీడకు వెళ్ళడం అద్దంలో కనబడింది. మొత్తం మీద పావుగంట కూడా ఉండలేదు అక్కడ.

బస్సు కిటికీ

రెండు వారాల తర్వాత కారు షెడ్డులో ఉండి గుత్తికి బస్సులో వెళ్ళాను. అప్పటికే రిపోర్టు పంపేశాను, కంపెనీ కూడా పందిరికి ఏమీ రాదని ఆమెకు ఉత్తరం రాసేసింది. తోట ముందు రోడ్డు పని జరుగుతోంది, బస్సు నెమ్మదించింది. కిటికీలోంచి చూశాను.

పచ్చటి కుప్ప లేదు. మేకలు మొత్తం మేసేశాయి. ఆకు పోయాక లోపలిది బయటపడింది. లావుపాటి ఇనుప స్తంభాలు, అడ్డ పైపులు, పైకప్పు చట్రం, వంకర తిరిగిన రేకులు. తీగలు పైన కప్పుకున్నవి మాత్రమే. అసలు పందిరి అంటే ఇనుప షెడ్డు. రేకులు ఎండకు కాలకుండా ఉండటానికి వాటి మీదికి తీగలు ఎక్కించారు. దాన్ని పట్టుకుని నేను పూలతోట అని రాశాను.

"ఆపప్పా" అన్నాను కండక్టర్‌తో.

"ఈడ స్టాపు లేదు సార్."

"ఆపప్పా, నేను దిగాలి!"

దిగాను. ఎవరూ లేరు. నేలలో సిమెంటు దిమ్మెలు, దిమ్మెల్లో బోల్టులు, బోల్టులకు స్తంభాల పాదాలు. గాలికి బోల్టులు తెగి స్తంభాలు ఒరిగినట్టు పసిపిల్లవాడికి కూడా తెలుస్తుంది. ఆ రోజు గొడుగు మొనతో ఒక్కసారి పొడిచి ఉంటే ఖంగుమనేది.

ఇంటికొచ్చి పాలసీ కాగితం తీశాను. మినహాయింపుల పేజీ కాదు, మొదటి పేజీ. భవనాల జాబితాలో మూడో వరస: ఇనుప స్తంభాల మీద రేకుల పందిరి. స్పష్టంగా రాసి ఉంది. నేను ఆ పేజీ చదవలేదు.

ఆ వారం నేనెట్లా ఉన్నానో మా ఆవిడను అడగండి. కుర్చీలో కూర్చోలేదు, భోజనం దగ్గర నిలవలేదు, వాకిట్లో అటూ ఇటూ తిరగడమే. మీరు ఈ వృత్తిలోకి వస్తున్నారు కాబట్టి దాచకుండా చెబుతాను. ఓబుళమ్మ కోసం కలిగిన బాధ సగమే. మిగతా సగం భయం. తన రిపోర్టును తానే దిద్దుకునే సర్వేయర్ని ఎవరూ నమ్మరు. తగ్గించి దిద్దితే మంచివాడంటారు. పెంచి దిద్దితే చేయి తడిపారంటారు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆమెకు కూడా తెలియదు. పెద్ద సారు చూసి చెప్పాడు కదా అని ఆమె ఒప్పేసుకుంది. ఆ నమ్మకమే నన్ను నిలవనీయలేదు.

పాత ఇనుము

కంపెనీ ఆఫీసుకు వెళ్ళి క్లెయిముల ఆఫీసరుకు సంగతి చెప్పాను. ఆయన మా వైపువాడే, మాట మొరటు.

"ఏమప్పా వెంకటేశూ, ముందు లేని ఇనుము రెండు వారాల్లో మొలిచిందా?"

"మొలవలేదు సార్. మేకలు మేసినాయి."

"మేకలు ఇనుము మేసినాయా?"

"ఆకు మేసినాయి సార్. ఇనుము కనబడింది."

పగలబడి నవ్వాడు. నవ్వు ఆగాక మెల్లగా అడిగాడు. "నిజం చెప్పు. ఆయమ్మ నీకేమిచ్చింది?"

నాకు ఒళ్ళు మండింది. "ఏమిచ్చిందా? రెండు దినాలు ఎండలో కాపలా కాసింది సార్ నా కోసం. నేను పావుగంట ఇచ్చినా ఆయమ్మకు."

ఆయన నా రిపోర్టు తెరిచాడు. "నీ ఫోటోల్లో అంతా ఆకే ఉండాది. ఇనుము చూపించు. ఇంకో సర్వేయర్ను పంపిస్తా, ఆయప్ప రాస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు. అంతకంటే ఎవరూ చేయలేరు. నా రిపోర్టు నా మీదే సాక్ష్యం చెబుతోంది.

మర్నాడే తోటకు పరుగెత్తాను. నేల ఖాళీగా ఉంది. దిమ్మెలు తప్ప ఏమీ లేవు.

"ఇనుము ఏదమ్మా?"

"అమ్మేసినాం సార్, పాత ఇనుము ఆయప్పకు. బుకింగులు వాపసు ఇయ్యల్ల గదా. మీరే గదా తీసేసుకోమన్నారు."

నిలబడే చెప్పాను. తప్పు నాది, పందిరి భవనంలో లెక్క, పరిహారం రావాల్సిందే, నేను ఎత్తి చూడలేదు అని. పదవిలో ఉండి ఒకరి ముందు అట్లా చెప్పడం నాకు అదే మొదటిసారి. ఆమె తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. భర్త వైపు చూసింది, మళ్ళీ నా వైపు చూసింది.

"అయితే మేము రెండు దినాలు కాపలా కాసింది ఎవురికోసరం సార్?"

ఇప్పటికీ ఆ మాట చెవిలో ఉంది. నన్ను చాలామంది చాలా మాటలన్నారు, అవేవీ ఇంతగా గుచ్చుకోలేదు.

గుత్తి పాత ఇనుము దుకాణానికి వెళ్ళాను. అదృష్టం బాగుండి లారీ ఇంకా రాలేదు. వెనక దొడ్లో రేకుల కింద పైపులు దొరికాయి. ఎండిపోయిన తీగ ఇంకా పైపులకు గట్టిగా చుట్టుకునే ఉంది, లాగినా రాలేదు. మేకలకు ఆకు దక్కింది కానీ కాడ దక్కలేదు. దుకాణదారు గడ్డం పట్టుకుని వాటిని కదపొద్దని బతిమాలాను. ఒకప్పుడు కోపంగా పెట్టిన రూలును ఈసారి చేతులు జోడించి అడిగాను.

రెండో సర్వేయరు నాకంటే చాలా చిన్నవాడు. నా మాట ఒక్కటీ రాసుకోలేదు. స్తంభం పాదాలను తోటకు తెప్పించి, దిమ్మెల్లో మిగిలిన బోల్టుల మీద ఒక్కొక్కటీ పెట్టి చూశాడు. రంధ్రాలు సరిగ్గా కూర్చున్నాయి. పాలసీ మొదటి పేజీ చదివాడు. రాశాడు. హుసేన్ సార్ ఉండి ఉంటే ఆ కుర్రాడికి ఆ పూట అన్నం పెట్టించేవాడు.

పందిరికి పరిహారం వచ్చింది. శ్రావణం దాటిపోయాక వచ్చింది. ఆ ఏటి పెళ్ళిళ్ళన్నీ గుంతకల్లు ఏసీ హాళ్ళకు వెళ్ళిపోయాయి. నాకు రెండేళ్ళు ఆ కంపెనీ నుంచి పెద్ద పనులు రాలేదు. వెనక ఏం అనుకున్నారో నాకు తెలుసు. అందుకు నాకు బాధ లేదు. ఆమె పోగొట్టుకున్నదాని ముందు నాది ఏపాటి? ఆలస్యంగా చేసిన న్యాయాన్ని న్యాయం అని చెప్పుకోవడానికి నాకు నోరు రాదు.

మళ్ళీ వెళ్ళినప్పుడు

రిటైరయ్యాక చాలా రోజులు ఆ దారిన వెళ్ళలేదు. పోయిన నెల వెళ్ళాను. అనంతపురం నర్సరీలో రెండు రాధామనోహరం మొక్కలు కొని, గొడుగు పట్టుకుని.

పందిరి మళ్ళీ లేచింది. ఇదివరకటి కంటే లావు స్తంభాలు, ఎండకు తళతళలాడే రేకులు. పచ్చిక కొంత తేరుకుంది. పందిరి మీద మాత్రం ఒక్క ఆకు లేదు. మిట్టమధ్యాహ్నం, రేకుల కింద కుర్చీ వేశారు. పొయ్యి పక్కన కూర్చున్నట్టుంది. మజ్జిగ తాగుతుంటే చెమట గ్లాసులో పడింది.

ఊరికే ఉండలేక గొడుగు మొనతో స్తంభాన్ని తట్టాను. ఖంగుమంది.

ఓబుళమ్మ నవ్వింది. "ఇప్పుడు తడతాండారా సార్!"

సంజీవప్ప కూడా నవ్వాడు. నేనూ నవ్వాను, సిగ్గుతో. మొక్కలు ఇచ్చాను. సంతోషంగానే తీసుకుంది. అప్పటికప్పుడు పార తెప్పించి, తీసుకెళ్ళి కంచె వెంబడి నాటించింది. పందిరికి బాగా దూరంగా.

"అక్కడ కాదమ్మా, పందిరికి ఎక్కించడానికి తెచ్చాను" అన్నాను.

"పందిరికి ఎక్కియ్యం సార్."

"నీళ్ళు చాలవా?"

"నీళ్ళుండాయి. ఇనుము కనబడల్ల గదా."

రేకుల వైపు చూశాను. ఆ రేకుల కింద పట్టుచీర కట్టుకుని ఉక్కలో కూర్చునే పెళ్ళికూతుళ్ళు గుర్తొచ్చారు. ఎండలో కూడా చల్లగా ఉంటుందని పేరున్న పందిరి అది. దాన్ని గాలి కూల్చింది ఒకసారి. మళ్ళీ పచ్చగా లేవకుండా చేసింది నేను.

"భయపడొద్దమ్మా. నేను రిటైరైపోయాను. ఇంకెవరూ అట్లా రాయరు. ఎక్కించండి" అన్నాను.

ఆమె చేతి మట్టి దులుపుకుంటూ, ఏ కోపమూ లేకుండా అంది. "మీరు పోతిరి సార్. మల్లా వచ్చే ఆయప్ప ఎట్లాంటోడో మాకేం తెలుసు?"

అందుకే ఇది మీకు రాస్తున్నాను. మళ్ళీ గాలి కొడుతుంది. ఆమె అడిగిన ఆ మనిషి మీలో ఎవరో ఒకరు.